అత్త చేతి కొలత

మా మరిది ఆనంద్‌ది నరసరావుపేటలో ప్లాట్ల వ్యాపారం. ఏ ఇంటికి వెళ్లినా అక్కడ గజం ఎంత పలుకుతుందో చెప్పందే అతనికి ముద్ద దిగదు. రెండేళ్ల కిందట, గురజాలలోని మా పాతింటి తూర్పు సగం బాగుచేయిద్దాం, ఖర్చులో సగం నువ్వు పెట్టుకో అని నేను అడిగితే ఫోన్లోనే నవ్వాడు.

"పాతింటి మీద పెట్టింది తిరిగి రాదు వదినా. అమ్మేటప్పుడు స్థలం చూస్తారుగానీ, నీ బాత్రూం ఎవడు చూస్తాడు?"

నేను అమ్మకం కోసం అడగలేదు. వాళ్లమ్మ కోసం అడిగాను. మా అత్త సుబ్బమ్మ పెరటి చివరనున్న పాత దొడ్డికి వెళ్తూ వానలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇక ఈమె గొంతుక్కూర్చోకూడదు అన్నాడు. ఆ సంగతి చెప్పినా ఆనంద్ కరగలేదు. "దానికి కుర్చీలు అమ్ముతారుగా, ఒకటి కొనండి" అన్నాడు. కన్నకొడుకు అన్న మాట అది. ఆ రోజు రేగిన మంట నాకు ఇప్పటికీ ఆరలేదు.

నేను చీటీ పాడాను. మా ఆయన శివనాగరాజు నిద్ర మానుకుని లారీ మీద అదనపు ట్రిప్పులు తోలాడు. వంటిల్లు వెడల్పు చేయించాం, అత్త గదిని ఆనుకుని కమోడ్‌తో బాత్రూం కట్టించాం. మేస్త్రీ దావూద్ గోడకు స్టీలు కడ్డీ బిగించే ముందు అత్తను కమోడ్ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, "చెయ్యి చాపు పెద్దమ్మా" అన్నాడు. ఆమె వేళ్లు తగిలిన చోట పెన్సిలుతో గీత గీశాడు. ఆ కడ్డీ పట్టుకుని అత్త ఎవరి సాయం లేకుండా లేచిన రోజు నేను తలుపు బయట నిలబడి ఏడ్చాను. ఆమెకూ నాకూ పెద్దగా పడదు. అయినా ఏడ్చాను.

పోయిన నెల ఆనంద్ పంపకాలు తేల్చమన్నాడు. మా ఇళ్లలో పద్ధతి ఒకటే. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. పెద్దవాడు మోసం చేయకుండా పెట్టిన పద్ధతి అది. చిన్నవాడు మోసం చేస్తే ఏమిటన్నది ఎవరూ ఆలోచించినట్టు లేదు.

"తూర్పు మనదని ముందే కాయితం మీద రాయించు" అని మా ఆయనకు వారం రోజులు చెప్పాను.

"ఎందుకే? మనం కట్టుకున్నామని వాడికి తెలవదా? వాడేమన్నా పరాయోడా?" అన్నాడు. తమ్ముడికి తక్కువ కాకూడదని బోరు, పెరడు మొత్తం పడమరకే కలిపాడు. అంత అమాయకుణ్ణి కట్టుకున్నందుకు నా తల నేను బాదుకోవాలి.

మా మామగారి తమ్ముడు పిచ్చియ్య పెద్దమనిషిగా వచ్చి కూర్చున్నాడు. "ఏరా ఆనందూ, నీకేది కావాలో కోరుకో" అన్నాడు.

"తూర్పు, బాబాయ్" అన్నాడు ఆనంద్, రెప్ప కూడా వేయకుండా. "వాస్తు ప్రకారం కూడా పెద్దోళ్లు పడమర ఉండాలిగా."

మా ఆయన తల దించుకున్నాడు. "పద్ధతి పద్ధతేగా" అని గొణిగాడు. నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

"మరి మీ అమ్మ ఎవరి దగ్గర ఉంటది?" అని పిచ్చియ్య మామ అడిగాడు.

"అమ్మకి అన్న దగ్గరే అలవాటు. తూర్పు వాటా నేను అద్దెకిస్తన్నా. అటాచ్డ్ బాత్రూం ఉందంటే బ్యాంకులో పనిచేసే ఒకాయన వెంటనే ఒప్పుకున్నాడు."

ఇక ఆగలేదు నేను. "ఏంది ఆనంద్, నువ్వు చెప్పేది? బాత్రూం ఎవడు చూస్తాడన్నావు! మీ అమ్మ లేవలేక నేల మీద దేకుతుంటే కనపడని బాత్రూం, బ్యాంకాయన అడిగేతలికి కనపడిందా? సిగ్గనిపించట్లా నీకు?"

"ఆవేశపడకు వదినా. పద్ధతి ప్రకారమే అడిగా."

నిజమే. పద్ధతిలో తప్పేమీ లేదు. అందుకే నాకు మరీ మండింది.

అప్పటిదాకా గోడ వారగా కూర్చున్న అత్త కర్రతో నేల మీద కొట్టింది. "ఒరేయ్ ఆనందూ, తూర్పు నువ్వే ఉంచుకో. కడ్డీ మాత్రం పీకియ్యి. అది నా చేతి కొలతకి పెట్టింది. బ్యాంకోడి చేతికి కాదు."

"కడ్డీ పీకితే టైల్ పగులుద్దమ్మా. కొత్తది కొనిస్తాలే."

"నాకు అదే కావాల."

మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఈ మనిషి ఇక మారడు, తప్పించుకు పోతున్నాడు అనుకుని పళ్లు నూరుకున్నాను. కాదు. లారీలో నుంచి స్పానర్, సుత్తి తెచ్చి, ఎవరి వంకా చూడకుండా నేరుగా బాత్రూంలోకి వెళ్లాడు. మేమంతా గుమ్మం దగ్గర గుమిగూడాం. మూడు బోల్టులు తిరిగాయి. నాలుగోది పట్టేసింది. ఆయన సుత్తి ఎత్తి ఒక్కటేశాడు. టైల్ పైనుంచి కిందికి రెండుగా చీలింది.

"ఆపన్నా! ఇంటి విలువ పోద్ది!" అని అరిచాడు ఆనంద్.

మా ఆయన సుత్తి పట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఏం విలువరా? లేదన్నావుగా" అని మళ్లీ కొట్టాడు. పక్క టైల్ కూడా పోయింది. పదిహేనేళ్ల కాపురంలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

పిచ్చియ్య మామ దగ్గి చూపు తిప్పుకున్నాడు. ఆనంద్ కారెక్కి పోయాడు. తూర్పు వాటా అతనిదే అయింది, అది ఎవరూ ఆపలేకపోయారు. కోపం కూడా నాకు తగ్గలేదు, తగ్గించుకోవాలని లేదు.

అత్త పడమటి గదిలో కుర్చీ వేయించుకుని, కడ్డీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్కడ ఇంకా బాత్రూం లేదు, కమోడ్ లేదు, సున్నం రాలుతున్న గోడ ఉంది. ఆ గోడ వైపు చెయ్యి చాపింది.

"ఈడ గీత గియ్యవే" అంది నాతో.

పెన్సిలు వెతికే ఓపిక లేక గోటితోనే గీశాను.