విప్పకుండా దాచిన మేజోడు

ఛిమే పొద్దున్నే ఆవు పాలు పితికి, పొయ్యిలో పిడకలు సర్ది, ఉప్పు టీ మరిగేలోపు నాలుగు వరసలు అల్లుతుంది. లాహౌల్ లోయలో ఆరు నెలలు మంచే. అల్లకపోతే ఆడవాళ్ళకి పిచ్చెక్కుతుంది, మగవాళ్ళకి కాళ్ళు గడ్డకడతాయి.

ఛిమే అల్లుతుండగా పక్కన ఎవరేం మాట్లాడినా ఆ మాటలు ఊలులోకి పోతాయి. విప్పితే బయటికొస్తాయి, అదీ ఒక్కసారే. చివర అల్లిన వరస ముందు ఊడుతుంది గనక చివర అన్న మాట ముందు వినిపిస్తుంది, మొదట అన్నది ఆఖరున. పోయినేడు బఠాణీ చేలకి నీళ్ళ వంతు దగ్గర తగాదా వస్తే పంచాయతీ వాళ్ళు ఆమె అల్లిన చేతితొడుగు ఒకటి విప్పించి, అబద్ధం ఎవరిదో తేల్చుకుని, టీ తాగి ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు.

ఆమె భర్త అంగ్రూప్ మూడేళ్ళ కిందట కనుమ దగ్గర మంచుచరియ కింద పోయాడు. ఆ ఏడాదంతా ఛిమే తను అల్లినవన్నీ విప్పుకుంది. స్వెట్టరు, మఫ్లరు, టోపీ. ఒక్కోదాంట్లో ఇంతింత అంగ్రూప్. విప్పుతూ ఏడవడం, ఏడుస్తూ విప్పడం. ఆఖరికి ఒక్క మేజోడు మిగిలితే పెట్టెలో పెట్టి తాళం వేసింది. తండ్రి పోయేనాటికి కూతురు లామోకి రెండేళ్ళు నిండలేదు. ఆయన గొంతెలా ఉంటుందో దానికి తెలీదు. పదేళ్ళు వచ్చాక వినిపిద్దామని దాచింది.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారేసరికి లామో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. ఊరి నర్సు వచ్చి పొత్తికడుపు నొక్కి చూసి, ఛిమేని బయటికి పిలిచింది.

"అపెండిక్సు. ఇవాళే కులూ తీసుకెళ్ళి కోయించాలి. పగిలిందంటే ఇంక మన చేతుల్లో లేదు."

హెలికాప్టరుకి ఫోను చేస్తే కనుమ మీద మబ్బుందన్నారు. రోడ్డు మీద చరియ పడ్డచోట మంచు తోసేవాళ్ళు తొమ్మిది నుంచి పదకొండు దాకానే బళ్ళని వదులుతారు. ఆ తర్వాత ఎండకి చరియలు జారతాయని గేటు వేసేస్తారు, మళ్ళీ మర్నాడే. బళ్ళున్న వాళ్ళంతా మంచుకి ముందే కులూ దిగిపోయారు. ఊళ్ళో మిగిలింది అంగ్రూప్ పికప్పు ఒక్కటే.

మరిది పల్దన్ డ్రైవరు సీటు జరిపి, వెనక బెంచీ మీద పరుపు పరిచి, తాళం తిప్పాడు. గర్రు గర్రుమని ఇంజను తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. అంతే.

"చలి," అంది ఊరంతా ఒక్క గొంతుతో. మా లోయలో నేరమేదైనా చలి మీదే పడుతుంది, పెళ్ళి చెడినా సరే. ఒకడు కిరసనాయిలు తెచ్చి ట్యాంకులో పోశాడు. ఇంకొకడు కుంపటి తెచ్చి బండి కింద పెట్టాడు. అందరూ చుట్టూ నిలబడి ఊదారు. ముప్పావు గంట అలా బూడిదలో పోయింది.

ఫుంచోగ్ తాత కర్ర ఊనుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపినవాడు.

"చూరు నీళ్ళు నెత్తిన పడుతుంటే చలంటారేంట్రా మొద్దుల్లారా. తియ్యండి ఆ కుంపటి. పల్దన్, తిప్పు." తను వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాడు. "పొగేదీ? తెల్లపొగైనా రావాలిగా. లోపలికి డీజిలు అందట్లేదు."

ఫిల్టరు విప్పించాడు. శుభ్రంగా ఉంది. పైనున్న చేతిపంపు కొట్టిస్తే డీజిలు చిమ్మింది. "ఇక్కడిదాకా బాగానే వస్తోంది." తర్వాత ఇంజను మీదకి పోయే సన్నగొట్టం నట్టు వదులు చేయించాడు. "ఇప్పుడు తిప్పు."

నట్టు దగ్గర చెమ్మైనా లేదు. తాత ముఖం చిన్నబోయింది.

"డీజిలు పెద్దపంపులోకి పోతోంది, బయటికి రావట్లేదు. పంపు పోయిందమ్మా. మెకానిక్కు మంచు కరిగితేగానీ రాడు. బ్యాటరీ కూడా ఇంకో నాలుగుసార్లు తిరిగితే గొప్ప."

ఛిమే బానెట్ పట్టుకుని అలాగే మంచులో కూలబడింది. "నీ బండి నాశనంగాను అంగ్రూప్," అని చచ్చిన మొగుణ్ణి తిట్టింది. "నువ్వు పోయింది చాలదా? దాన్ని కూడా తీసుకుపోతావా?" లోపల లామో అరుస్తోంది. పదీ పావయింది.

తాత కదల్లేదు. పంపు వెనక వేలుపెట్టి ఏదో తడుముతున్నాడు. "ఈ నీలం వైరేంటి? కంపెనీది కాదే. ఎటుపోయిందో కనపడట్లేదు. మా కాలం బళ్ళకి ఈ కరెంటు గొడవలు లేవు. మీ ఆయన గానీ ఏమన్నా కెలికాడా?"

ఛిమే తలెత్తింది. "కేలాంగ్‌లో దొంగలు బళ్ళు ఎత్తుకుపోతున్న ఏడాది. రోజంతా వైర్లు మెడలో వేసుకుని బండిలో కూచున్నాడు. నేను పక్కనే అల్లుతున్నా. ఏదో చెప్పాడు. అల్లికలో పువ్వు తప్పుతుందని కుట్లు లెక్కపెట్టుకుంటూ ఊఁ అన్నాను. వినలేదు తాతా."

"ఏం అల్లుతున్నావప్పుడు?"

ఆమె లేచి ఇంట్లోకి వెళ్ళింది. ఏ మేజోడో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

మేజోడు తెచ్చి ముడి కొరికి దారం లాగింది. ముందు తన గొంతే వచ్చింది, "ఊఁ" అని. ఆ వెనక అంగ్రూప్: "మర్చిపోతే నన్నడక్కు." మెల్లగా లాగితే మనిషి పక్కన కూచుని మాట్లాడినట్టే ఉంది. ఛిమే చెయ్యి ఆగిపోయింది.

"వదినా," అన్నాడు పల్దన్, "పదిన్నర."

ఆమె కళ్ళు మూసుకుని గబగబా లాగడం మొదలుపెట్టింది. అంత వేగానికి అంగ్రూప్ గొంతు పిచ్చుక గొంతయిపోయింది. మూడేళ్ళు తాళంవేసి దాచిన గొంతు కిచకిచమంటూ మంచులో పడిపోతోంది. టీలో ఉప్పెక్కువైందట. పల్దన్ తన స్పానరు ఎత్తుకుపోయాడట. ఛిమే ఏడుస్తూనే లాగుతోంది.

"దొంగ తిప్పుతూనే ఉంటాడు, ఇంజను అంటుకోదు. ఆ వెధవ పంపు పోయిందనుకుని దిగిపోతాడు."

"నన్నే అంటున్నాడు," అన్నాడు ఫుంచోగ్ తాత.

"కిందికి నొక్కితే డీజిలు బందు," అంది ఊలు. ఇంకో వరస ఊడింది. "డ్రైవరు సీటు కింద, వెనకపక్క, చిన్న మీట పెట్టాను."

పల్దన్ సీటు కిందికి దూరాడు. పొద్దున తను సీటు జరిపినప్పుడు ఆ మీట నొక్కుకుపోయింది. పైకి ఎత్తాడు. తాత సన్నగొట్టం నట్టు బిగించాడు. బ్యాటరీ మూలుగుతూ ఒకటి, రెండు, మూడు చుట్లు తిప్పింది. వెనక గొట్టం తెల్లపొగ కక్కింది. బండి అంటుకుంది.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా గేటు దాటారు. ఛిమే ఒళ్ళో లామో, పక్కన నర్సు. మేజోడు బొటనవేలి ముక్క ఇంకా ఛిమే గుప్పిట్లోనే ఉంది.

కనుమ కింది సొరంగం దాటాక లామో మూలగడం మానేసింది. నొప్పి తగ్గిందేమో అని ఛిమే ఒక్క క్షణం సంతోషపడింది. నర్సు పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి, తర్వాత మణికట్టు పట్టుకుని, "పగిలింది," అంది మెల్లగా. "నాడి జారిపోతోంది. ఇంకా గంట దారి."

పల్దన్ గేరు మార్చాడు. పిల్ల చేతులు చల్లబడుతున్నాయి, పిలిస్తే పలకట్లేదు. దీనికి పదేళ్ళు రావు అనుకుంది ఛిమే. పోయేలోపు ఒక్కసారైనా వాళ్ళ నాన్న గొంతు వినాలి, ఇంక దాచి ఎవరికి? మిగిలిన ముక్కని లామో చెవి దగ్గర పెట్టి, ఒక్కొక్క కుట్టే, తొందర లేకుండా విప్పింది. ఈసారి అంగ్రూప్ గొంతు అంగ్రూప్ గొంతులాగే వచ్చింది. వైర్ల మధ్యకి పాకుతూ వస్తున్న ఏడాది పిల్లతో అన్న మాటలు.

"అమ్మ దగ్గరే కూచో తల్లీ."

"వద్దన్నానా?"

"లామో, నా దగ్గరికి రాకు."

దారం అయిపోయింది. లామో కళ్ళు తెరవలేదు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, తల్లి పొట్టకి ఇంకాస్త ఆనుకుంది.

కులూలో ఆపరేషను మూడు గంటలు పట్టింది. డాక్టరు మాస్కు కిందికి లాగి ఛిమేని ఎగాదిగా చూశాడు.

"ఇలాంటి కేసు దారిలోనే పోవాలమ్మా. ఈ పిల్ల ఎలా ఆగిందో నాకు అర్థం కావట్లేదు."

"వాళ్ళ నాన్న మాట వింది," అంది ఛిమే.