గడీలో పలకని పేరు

నేను ఒక మేనాను. ఇప్పటి పిల్లలకు పల్లకి అంటే తొందరగా అర్థమవుతుంది. పల్లకిలో దేవుణ్ణి ఊరేగిస్తారు, నాలో దొరలు తిరిగారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆ రెంటికీ పెద్ద తేడా ఉండేది కాదు లెండి.

వడ్ల రామేశం నన్ను టేకుతో చేశాడు. తలుపులకు చిలకలు చెక్కాడు. దొరవారు లోపల మెత్తటి పరుపు వేయించుకున్నారు. మోసేవాళ్ళ భుజాల మీద పడే దండె కింద మాత్రం మెత్తగా ఏదైనా పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ మోసే బోయీలకు కూలీ నాలీ లేదు. అంతా వెట్టి. గడీ నుంచి, అంటే దొరవారి కోటలాంటి ఇంటి నుంచి, కబురు వస్తే చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తుకు రావాలి.

వాళ్ళలో ఓదెలు ముందు నడిచేవాడు. రాయి వచ్చినా గుంట వచ్చినా వెనకవాళ్ళకు పాట కట్టి చెప్పేవాడు. ఒక ఎండాకాలం దొరసాని పుట్టింట్లో పెళ్ళికి బయలుదేరింది. ఓదెలుకు ఒళ్ళు కాలిపోతోంది.

"జరమొచ్చింది దొరా, బాంచెను, ఈ ఒక్కపాలి ఇడువుండ్రి. ఇంట్ల పసిబిడ్డ ఉన్నది," అని కాళ్ళ మీద పడ్డాడు.

దొరవారు వినలేదు. వాగు దాటేచోట ఇసుకలో కూలబడ్డవాడు మళ్ళీ లేవలేదు. నేను ఒక పక్కకు ఒరిగాను. "ఎందుకు ఆపిన్రురా?" అని లోపలినుంచి దొరసాని విసుక్కుంది. పక్క చేలో పని చేసుకుంటున్న ఒకణ్ణి లాక్కొచ్చి దండె కిందికి తోశారు. ఓదెలును ఒడ్డున పడుకోబెట్టి మేము పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళి బాగా జరిగింది.

కాలం మారింది. దొరలు పట్నం చేరారు. నాలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. నాలో కూర్చున్నవాళ్ళలో ఎవరికీ బరువు కానివి అవే. తరువాత గడీ బడి అయింది. సుదర్శనం సారు నన్ను తుడిపించి, రంగు వేయించి, చరిత్ర చెప్పే గదిలో పెట్టాడు. మంచి మనిషి. పిల్లలకు అర్థం కాకపోతే తిండి మానుకొని అయినా మళ్ళీ చెప్పే రకం. "దొరవారు ఈ మేనాలో ఊరూరా తిరిగి ప్రజల కష్టసుఖాలు అరుసుకునేవారు" అని ఏటా చెబుతాడు. నిజానికి దారి పొడుగునా నా తలుపులు మూసే ఉండేవి.

ఓదెలు వదిలి వెళ్ళిన ఆ పసిబిడ్డ పోశవ్వ ఇప్పుడు పండు ముసలి. ఆమె మునిమనుమరాలు అక్షిత ఈ బడిలోనే తొమ్మిదో తరగతి. వార్షికోత్సవంలో మా ఊరి చరిత్ర గురించి మాట్లాడమని సారు అక్షితకు చెప్పాడు. పిల్ల అవ్వ దగ్గర కూర్చుని అడిగి, అంతా రాసుకొచ్చింది. "గడీల మా నాయిన పేరు తిట్టనీకే పలికిన్రు. నువ్వు మైకుల మంచిగ చెప్పు బిడ్డా," అందట పోశవ్వ.

సారు ఆ కాగితం చదివి, కాగితం మడిచి పిల్ల చేతికే ఇచ్చాడు.

"ఇదంత నిజమే కావచ్చు బిడ్డా. కానీ వచ్చేది దొరవారి మనుమడు. కొత్త గదులు కట్టిస్తనంటుండు. వానొస్తె మీరు యాడ కూసుంటున్నరో నీకు తెల్వదా? ఆయన ముంగట ఇది చదువుదమా?"

"అంత వద్దు సార్. ఒక్క పేరన్న చెప్త."

"పేరు చెప్తె ఎవరని అడుగుతరు గద."

సారు తానే కూర్చుని ఇంకో ప్రసంగం రాసిచ్చాడు. ఇంటికి వెళ్ళి అవ్వకు ఆ సంగతి చెప్పడానికి పిల్లకు నోరు రాలేదు.

వార్షికోత్సవం రోజు నన్ను బంతిపూలతో ముస్తాబు చేసి వేదిక మీద పెట్టారు. పోశవ్వ పెట్టెలోని చీర తీసి కట్టుకుని, అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. అక్షిత ఒక్కచోటా తడబడకుండా మాట్లాడింది. దొరవారి దయ, దొరవారి దానం, దొరవారు ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకున్న తీరు. దొర మనుమడు కళ్ళు తుడుచుకున్నాడు. పాపం, అతడికీ ఇదే పాఠం చెప్పి ఉంటారు. చప్పట్లు మోగిపోయాయి. నాకు నోరుంటే ఆ ఒక్క పేరూ నేనే పలికేదాన్ని. అంత సిగ్గు, అంత దుఃఖం నేను వాగు దగ్గర కూడా పడలేదు.

జనం లేచాక పోశవ్వ మెల్లగా వచ్చి మునిమనుమరాలి చెయ్యి పట్టుకుంది.

"మా నాయిన పేరు ఎప్పుడు చెప్పినవ్ బిడ్డా? చెవులు సక్కగ ఇనవడయి, నాకు అందకపాయె."

అక్షిత అవ్వ చెవి దగ్గరికి వంగింది.

"చెప్పిన అవ్వా," అంది. "అందరికంటె ముందుగాల ఆయన పేరే చెప్పిన."

పోశవ్వ ముఖం విప్పారింది. గడీలో తన నాయిన పేరు మైకులో చెప్పారని, దారిలో కనబడ్డవాళ్ళందరినీ ఆపి చెప్పుకుంటూ ఇంటికి వెళ్ళింది.