గుమ్మం బయట బూట్లు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో చక్రపాణి పక్కింట్లో అద్దెకుండే వినీత్, మాస్టర్స్ చదివే కుర్రాడు, ఒక మధ్యాహ్నం వాళ్లింట్లోకొచ్చి వంటింటి కత్తితో చక్రపాణి భార్య వసంతలక్ష్మిని పొడిచి చంపేశాడు. అన్నం పెట్టిన చేయి అని కూడా చూడలేదు. అంతకుముందు కొన్నాళ్లుగా గోడలోంచి ఎవరో పిలుస్తున్నారని గొణిగేవాడు.

చంపాడా లేదా అన్నది కాదు కోర్టులో తగువు. ముందే అనుకుని చంపాడా, మతి చెడి అనుకునే శక్తే లేక చంపాడా అన్నది. మొదటిదైతే చచ్చేదాకా జైలు. రెండోదైతే ఏనాటికో బయటికొస్తాడు.

వినీత్ ఆ రోజు బూట్లు గుమ్మం బయట విప్పి వచ్చాడు. అడుగుల చప్పుడు వినపడకూడదనే విప్పాడు, అంతా ప్లానే అంటాడు ప్రభుత్వ లాయరు.

"వాళ్లేమడిగినా గుర్తులేదను నాన్నా," అంది చక్రపాణి కూతురు గిరిజ, కోర్టు ముందు కారు పార్క్ చేస్తూ. "అబద్ధం కూడా కాదు. నిన్న తిన్నదే గుర్తుండదు నీకు."

"గోంగూర. ఉప్పు ఎక్కువేశావు."

సాక్షి కుర్చీలో కూర్చున్నాక వినీత్ తరఫు లాయరు ఇంగ్లిష్‌లో ఏదో అడిగింది. కోర్టువాళ్లు పెట్టిన దుబాసీ తెలుగులో చెప్పాడు. "మీ ఇంట్లోకి బూట్లతో వస్తారా అండీ ఎవరైనా?"

చక్రపాణి వినీత్‌ని చూశాడు. వాడు బల్లని గోటితో గీకుతున్నాడు. జైల్లోనే కుళ్లిపోవాలి వెధవ. గుర్తులేదు అంటే చాలు.

"బూట్లతో వస్తే మా ఆవిడ ఊరుకుంటుందా?"

దుబాసీ నోరు తెరిచి ఆగిపోయాడు. "ఊరుకుంటుందా అని చెప్పనా, ఊరుకునేదా అని చెప్పనా?"

చక్రపాణి దుబాసీ వైపు తిరిగాడు.

"ఊరుకునేది కాదు. ప్లంబరైనా, పంతులైనా బయట విప్పాల్సిందే. వీడికీ ఆవిడే నేర్పింది."

ముందే అనుకున్న హత్య కాదని జూరీ తేల్చింది.

"అమ్మని చంపినోణ్ణి బాగానే గట్టెక్కించావ్," అంది గిరిజ కోర్టు వరండాలో.

"మరి మీ అమ్మ ఇంట్లో బూట్లతో తిరగనిచ్చేదని చెప్పమంటావా?"

గిరిజ మొహం తిప్పుకుని కారు దగ్గరికి నడిచింది. తీర్పు కోసం ఊరినుంచి వచ్చిన వినీత్ తల్లి అడ్డంగా వచ్చి చేతులు జోడించింది.

"అన్నయ్యగారూ, మీ మేలు..."

"నాకు దండం పెట్టకమ్మా. నీ కొడుకు బయటికొచ్చే నాటికి నేను బతికుండకూడదని దేవుడికి పెట్టుకో. ఉంటే వాడికి మంచిది కాదు."