ఒంటి చెప్పుల అర

చెక్కల మీద ఎండిన పిట్టరెట్టను రేకుముక్కతో గోకుతూ ఈలాయన వంతెన సగానికి వచ్చాడు. మడ అడవి మధ్యగా, బురదకు నిలువెత్తు పైన సాగే చెక్కల వంతెన అది. అడవి చూడవచ్చినవాళ్లు దాని మీదే నడవాలి. దిగకూడదు. దిగితే ఈల ఊదడం అతని పని. పంతొమ్మిదేళ్లుగా ఊదుతున్నాడు. ఈల ఆనే చోట ముందు పళ్లు రెండూ అరిగాయి. అతని అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు.

మొదట్లో ఈల వినబడితే గేటు దగ్గరివాళ్లు పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు తలెత్తరు. ఈలాయన ఉన్నాడుగా, అతనే చూసుకుంటాడు.

జారిపడ్డ వస్తువులు తీసివ్వడం కూడా అతని పనే. కొక్కెం కర్రకు అందకపోతే దిగి తెస్తాడు. దిగేముందు తన చెప్పులు విడిచి, ముందువైపు గేటుకేసి ఉండేలా పక్కపక్కనే పెడతాడు. సొంతదారు ఆగకుండా వెళ్లిపోతే, బురదలో దొరికిన చెప్పును కడిగి గేటు పక్క గదిలో అర మీద ఉంచుతాడు. ఒంటి చెప్పు కోసం ఎవరూ వెనక్కి రారు. అర నిండిపోయింది.

పొద్దున గిన్నె మూత బిగిస్తూ భార్య అంది: "ఇవాళైనా నోరు తెరిచి అడుగు. ఈల ఊదడానికి తప్ప ఆ నోరు ఇంకెందుకూ పనికిరాదా?"

"అడుగుతాలే."

"అడుగుతావు, నన్ను! గిన్నెలో ఏం పెట్టావని."

దినకూలీగా చేరినవాడు దినకూలీగానే ఉన్నాడు. ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం ఇవాళ వచ్చే పెద్దసారు సంతకం కోసం ఆగింది. వచ్చే నెలకు ఇతనికి అరవై నిండుతాయి. ఆ తర్వాత సంతకం పడ్డా చెల్లదు. అయినా అతనికి ఎవరి మీదా కోపం లేదు. అదే అతని జబ్బు.

"సారు ముందు నీ గోడు వెళ్లబోసుకోకు," అన్నాడు సూపర్‌వైజరు. "ఆయన సంతోషంగా వెనక్కెళ్తే సంతకం దానంతటదే పడుతుంది."

పదింటికి రావలసిన పెద్దసారు మూడింటికి వచ్చాడు, భార్యతో. వంతెన చివర ఆమె వంగి ఫొటో తీస్తుంటే నల్ల కళ్లద్దాలు జారి బురదలో పడ్డాయి. కర్రకు అందలేదు.

ఈలాయన చెట్లకేసి చూశాడు. పీతలు బొరియలు వదిలి మొదళ్లు ఎక్కుతున్నాయి. సముద్రం పోటు మొదలైంది. ఈ వేళప్పుడు ఎవరు దిగినా అతను ఊపిరి తిప్పుకోకుండా ఈల ఊదేవాడు.

"ఏమయ్యా, చూస్తూ నిలబడ్డావేం?" అన్నాడు పెద్దసారు.

చెప్పులు విడిచాడు. దిగాడు. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లు అరికాళ్లను కోశాయి. తొడల దాకా దిగబడి, అద్దాలు తీసి, చొక్కా లోపలివైపుతో తుడిచి, కర్రకొసన పైకి అందించాడు. ఆమె చేతిరుమాలుతో పట్టుకుంది.

"గీత పడిందండీ."

"పోనీలే, కొత్తవి కొందాం."

ఈలాయన బురదలోంచి నోరు తెరిచాడు. "సారూ, నా కాగితం..."

"ఆఫీసులో కనపడు." అప్పటికే నడుస్తున్నారు.

వాళ్ల అడుగుల చప్పుడు పోయాక పైకి రాబోయాడు. ఎడమ చెయ్యి మాట వినలేదు. ఎవరో గుండెల మీద మోకాలు పెట్టి అదిమినట్టుంది. దగ్గరున్న చెట్టుకు ఆనుకున్నాడు. నీళ్లు నడుం దాకా వచ్చాయి. మెడలోని ఈల నోట పెట్టుకుని ఊదాడు. కాసేపాగి మళ్లీ ఊదాడు, చిన్నగా.

గేటు దగ్గర కారు తలుపు తెరిచి పట్టుకున్న సూపర్‌వైజరు నవ్వాడు. "ఎవడో దిగుంటాడు సార్. మావాడు వదలడు."

"గట్టివాడే," అన్నాడు పెద్దసారు.

మూడోసారి ఈల వినబడలేదు.

చీకటి పడ్డాక భార్య గేటు దగ్గరికి వస్తే, పొద్దున రమ్మన్నాడు కాపలావాడు. పొద్దున నీళ్లు తీశాక దొరికాడు. నిషేధం మీరి దిగినందున చనిపోయాడని రిపోర్టు రాశారు. ఈల ఆఫీసుది కాబట్టి, తిరిగి ముట్టినట్టు కాగితం రాసి భార్యకిచ్చి పంపారు. దాని మీద సంతకం అరనిమిషంలో పడింది.

చెప్పుల సంగతి ఎవరూ అడగలేదు. ముందురోజు సాయంత్రమే వంతెన ఊడ్చే ఆవిడ వాటిని చూసి, ఎవరో మరిచిపోయారనుకుని గదిలో పెట్టింది. అర మీద ఉన్నవన్నీ ఒంటివే. జతగా ఉన్నవి ఆ రెండే, మడమలు అరిగి, ముందువైపు గోడకేసి.