చదవని పేజీ మీద ఊదారంగు ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపును. అంగుళమున్నర పొడవు, పైన నల్ల వార్నీషు కొట్టిన చెక్క పిడి. నా మొహం మీద ఉన్నది ఒకే ఒక్క మాట, గుడ్. అదీ ఇంగ్లీషులో, అదీ వెనక్కి తిప్పి. కాగితానికి మొహం ఆనించినప్పుడు కింద పిల్లలు రాసినదంతా నాకు కనిపిస్తుంది గానీ, నేను వేసిన ముద్ర మాత్రం కనిపించదు. లేచి చూసుకుందామంటే అప్పటికే పక్క పుస్తకం మీదకు పోయి ఉంటాను. అలా నేనేమంటున్నానో సరిగ్గా ఎరక్కుండానే పద్దెనిమిదేళ్లు అంటూ వచ్చాను. ఇందులో నా తప్పెంతో, నాచేత అనిపించినవాళ్ల తప్పెంతో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

అమలాపురంలో ఒక ఇరుకు కొట్టులో పుట్టాను. ఆ రోజు నాతో పాటు తయారైనవాటిలో ‘రద్దు’ అనే స్టాంపు ఒకటుంది. దాని పొగరు చూడాలి! నన్ను చెక్కిన ముసలాయన కూడా దాన్నే మెచ్చుకుని, నన్ను చూసి పెదవి విరిచాడు. “నీకు పెద్ద పని తగలదులే. లోకంలో ఎంతమందిని గుడ్ అంటారు గనక?” అన్నాడు. పాపం, ఆయన బడిలో పనిచేసినవాడు కాదు.

నన్ను కొన్నది భాస్కరం మాస్టారు. గోదావరి పాయ పక్కన ఒక లంక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఊరి పేరు చెప్పను, చెబితే అందరికీ కోపాలొస్తాయి. మనిషి మంచివారు. పాఠం చెబితే కిటికీ అవతల గేదెలు కాసేవాళ్లు కూడా ఆగి వినేవారు. నోటుబుక్కులు దిద్దడమంటే మాత్రం ఆయనకు చలిజ్వరం. ఐదు తరగతులు, రెండువందల డెబ్బై పుస్తకాలు. ఇన్‌స్పెక్షను వస్తోందని తెలిసిన మర్నాడే నేను బడిలో చేరాను.

ఆ పని ఎలా జరిగేదో చెబుతాను వినండి. మొదటి బెంచీ లీడరు నన్ను పట్టుకుని పేజీకొక్కటి చొప్పున టపటపా కొట్టేవాడు. వెనకాలే మాస్టారు పొట్టి సంతకాలు పెట్టి తారీకులు వేసేవారు. జూన్ తారీకులకు ఒక పెన్ను, ఆగస్టుకు ఇంకో పెన్ను, అక్టోబరుకు కాస్త సిరా కక్కే పెన్ను. ఒకే పెన్నుతో వేస్తే ఒకే రోజు వేసినట్టు దొరికిపోతారట! ఆ నేర్పు చూసి నాకు మతిపోయింది. ఇంత శ్రద్ధగా దిద్దనట్టు కనబడకుండా చూసుకునే బదులు దిద్దేస్తే పోదా అనుకున్నాను. స్టాంపు బుర్ర కదా, మనుషుల లెక్కలు అందవు.

గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టు పడేవాణ్ణి. బాగా రాసిన పేజీ మీదా నేనే, సగం రాసి వదిలేసిన పేజీ మీదా నేనే. ఒకడు ‘ఆవు’ వ్యాసం మధ్యలో సినిమా టికెట్టు అంటించాడు. దాని మీదా గుడ్. మొదట్లో అందరూ బుద్ధిమంతులే కాబోలు అని మురిశాను. తర్వాత తర్వాత గుడ్ అంటే ‘ఈ పేజీ అయిపోయింది’ అని అర్థం కాబోలనుకున్నాను. పిల్లలు మాత్రం నన్ను చూడగానే పేజీ తిప్పేసేవారు.

పన్నెండేళ్ల తర్వాత మాస్టారు రిటైరయ్యారు. వెళ్తూ వెళ్తూ నన్ను కొత్తగా వచ్చిన వీరవేణి టీచరు చేతిలో పెట్టారు. “అమ్మాయ్, ఇది దగ్గరుంచుకో. ఇన్‌స్పెక్షన్లు గట్టెక్కించేత్తాది” అని ఆశీర్వదించారు. ఆవిడ నవ్వి, నన్ను సొరుగులో పారేసింది. నేను చిన్నబుచ్చుకున్నాను.

ఐదేళ్లు సొరుక్కీ బల్లకీ మధ్య తిరిగాను. ఆరో ఏడు ఆగస్టులో టీచరు మూడు రోజుల శిక్షణకు వెళ్లి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చింది. ఇంగ్లీషులో పిల్లలకు మార్కులు వేసే పద్ధతే మారాలని అక్కడ చెప్పారట. తప్పులు లెక్కపెట్టడం కాదు, పిల్ల ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతోందో చూడాలట. చదివించి వినాలి, మాట్లాడించాలి, రాసింది చదివి ఒక్క వాక్యమైనా జవాబు రాయాలి. అందుకోసం గళ్లు గీసిన కాగితాలు కూడా తెచ్చింది. వాటిని తెచ్చి నా ఇంకుప్యాడు కిందే పెట్టింది. అంటే నేను మంచివాణ్ణా, చెడ్డవాణ్ణా? ఎవర్నడగను?

అదే వారం హెడ్మాస్టరు కామేశం గారు ఇంకో బాంబు పేల్చారు. వచ్చే ఏడు పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితం రావాలి. కాబట్టి ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నవాళ్లలో ఇంగ్లీషు స్లిప్ టెస్టులు నాలుగింటిలో కలిపి ముప్పై ఐదు శాతం దాటనివాళ్లను ఏడాది చివర ఓపెన్ స్కూలుకు మళ్లించాలి. అంటే బడి మాన్పించేసి, పరీక్ష ఎక్కడో కట్టించడం. “ఆళ్ల మంచికేనమ్మా” అన్నారాయన. ఎవరి మంచికో నాకు అర్థం కాలేదు.

ఆ గండం అంచున నిలబడింది గెడ్డం దేవమణి. తొమ్మిదో తరగతిలో అందరికన్నా పొడుగు, అందుకని చివరి బెంచీ. వాళ్ల నాన్న ఏసుదాసు కొబ్బరికాయలు వలిచే పని చేస్తాడు. బడి మానిన ఆడపిల్లలకు ఆ ఊళ్లో సిద్ధంగా ఉండే పని కొబ్బరి పీచుమిల్లు. ఆ పిల్లకేమో ఇక్కడే పది చదవాలని ప్రాణం. మొదటి రెండు స్లిప్ టెస్టుల్లో ఇరవైకి మూడు, ఇరవైకి రెండు వచ్చాయి.

శిక్షణ ఊపులో టీచరు తొమ్మిదో తరగతికి ఒక పని చెప్పింది. “మీకున్న ఇబ్బంది ఏదైనా నాకు ఇంగ్లీషులో ఉత్తరం రాయండి. తప్పులున్నా పర్లేదు. నేను చదువుతాను” అంది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. యాభై రెండు మందిలో యాభై ఒక్కరు గైడు తెరిచి, జ్వరం వచ్చింది మూడు రోజులు సెలవు కావాలి అన్న ఉత్తరాన్ని దించేశారు. తరగతి మొత్తానికి ఒకే రోజు ఒకే జ్వరం! దేవమణి ఒక్కతే సొంతంగా రాసింది.

ఆ సాయంత్రమే కబురొచ్చింది, రేపు ఇన్‌స్పెక్షను అని.

టీచరు బల్ల మీద రెండువందల అరవై పుస్తకాలు. గళ్ల కాగితాల వంక ఒకసారి, గడియారం వంక ఒకసారి చూసింది. తర్వాత సొరుగు లాగింది. “ఈ ఒక్కసారికే” అని గొణుక్కుంది. టపటపా మొదలైంది. జ్వరం మీద గుడ్, జ్వరం మీద గుడ్, జ్వరం మీద గుడ్. ఇరవయ్యో ముప్పయ్యో జ్వరం తర్వాత నా మొహం వేరే రాత మీద పడింది. ఇన్నేళ్లు ఇంగ్లీషు పాఠాలు విన్నవాణ్ణి, ఆ మాత్రం చదవగలను.

‘మేడమ్, ఐ నో సీ బోర్డ్. లాస్ట్ బెంచ్. ఆల్ లెటర్స్ స్మోక్. ఐ వాంట్ టెన్త్ దిస్ స్కూల్. ప్లీజ్ ఫ్రంట్ బెంచ్.’

బోర్డు కనబడటం లేదట ఆ పిల్లకి! అక్షరాలన్నీ పొగలా ఉన్నాయట! దాని మీద నేను పడ్డాను. గుడ్ అన్నాను. ఏం గుడ్? ఎవరికి గుడ్? ఆగమ్మా తల్లీ, ఇది చదువు అని అరుద్దామంటే నాకున్నది ఒక్కటే మాట. అప్పటికే తర్వాతి జ్వరం మీద ఉన్నాను.

మర్నాడు వచ్చిన అధికారి గుట్టలోంచి నాలుగు పుస్తకాలు లాగారు. అందులో ఒకటి దేవమణిదే. నాకు గుండె ఉంటే ఆగిపోయేది. ఆయన పేజీలు గలగలా తిప్పి, సరిగ్గా ఆ ఉత్తరం దగ్గర ఆగి, నా ముద్ర చూసి తృప్తిగా తలూపి, పక్కనే ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. “పుస్తకాలు చక్కగా దిద్దారమ్మా” అన్నారు. ముద్ర నాది, పొట్టి సంతకం టీచరుది, ఆకుపచ్చ సంతకం ఆయనది. తిలాపాపం తలా పిడికెడు.

పుస్తకాలు తిరిగిచ్చినప్పుడు దేవమణి నా బల్ల పక్కనే నిలబడి పేజీ తీసింది. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చూసింది.

“మేడంగారు చదివేరే. గుడ్ అన్నారు” అంది పక్క పిల్లతో.

“అయితే ముందు బెంచీ ఇత్తారా?”

“ఏమోనే. ఇత్తానని గుడ్డా, బాగా రాసేనని గుడ్డా తెలట్లేదు.”

నాకూ తెలియలేదు తల్లీ, అనుకున్నాను. మూడు రోజులు ఆ పిల్ల టీచరు మొహం వంకే చూసింది. టీచరు ఏమీ అనలేదు. నాలుగో రోజు నుంచి చూడటం మానేసింది. మిగతా రెండు స్లిప్ టెస్టులూ అయిపోయాయి. రెండింటికీ కలిపి ఆరు మార్కులు.

జనవరిలో జాబితా కట్టారు. ఆరుగురి పేర్లు. తల్లిదండ్రులను పిలిపించారు. బడి వదిలాక తొమ్మిదో తరగతి గదిలో నా బల్ల దగ్గరే కూర్చున్నారు కామేశం గారు, పక్కన వీరవేణి టీచరు. ఏసుదాసు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దేవమణి తండ్రి వెనకాల నిలబడింది.

“ఎనభైకి పదకొండయ్యా. ఇలాగైతే పదో తరగతి ఎలా గట్టెక్కుద్ది?” అన్నారు హెడ్మాస్టరు.

“మాకు చదువులు అబ్బవండి బాబూ. మీరెలాగంటే అలాగే. మిల్లులో మాటాడేసేనండి” అన్నాడు ఏసుదాసు. ఆ మాట అన్నాక పిల్ల వంక చూడలేకపోయాడు.

టీచరుకు మనసొప్పలేదు. అదే బాధలో కాస్త కోపంగా అడిగింది. “ఏమ్మా దేవమణీ, ఇన్ని నెలల్లో నీకేం ఇబ్బందో నాకు ఒక్కసారైనా చెప్పావా?”

“చెప్పేనండి.”

“నాకా? ఎప్పుడు?”

“ఉత్తరం రాసేనండి. మీరు గుడ్ అన్నారండి.”

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. హెడ్మాస్టరు టీచరు వంక చూశారు, టీచరు పిల్ల వంక చూసింది. దేవమణి సంచిలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పి బల్ల మీద పెట్టింది. టీచరు చదివింది. మళ్లీ చదివింది. తేలు కుట్టిన దొంగలా అయిపోయింది ఆవిడ మొహం. ఊదారంగులో నేను అక్కడే ఉన్నాను, పక్కనే ఆవిడ సంతకం. పిడి నుంచి మొహం దాకా సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు నేను పడాల్సిందేనా కాదా అన్నది వేరే సంగతి.

టీచరు ఇంగ్లీషు పాఠ్యపుస్తకం తీసి పిల్ల చేతికిచ్చింది. “దగ్గరగా పెట్టుకునే చదువు. ఎక్కడైనా సరే.” దేవమణి పేజీని ముక్కుకు ఆనించి చదివింది. మెల్లగా, రెండు చోట్ల తడబడి, ఒక పేరా మొత్తం చదివింది. అర్థం అడిగితే తెలుగులో చెప్పింది, వరదలో పడవవాడు ముందు ముసలావిణ్ణి ఎక్కించుకున్నాడని, తన మేకని తర్వాత ఎక్కించాడని.

“మరి స్లిప్ టెస్టుల్లో ఏమొచ్చిందే నీకు?” అన్నారు కామేశం గారు, పూర్తిగా తికమకపడిపోయి.

“ప్రశ్నలు బోర్డు మీద రాత్తారు కదండీ. మిగతా మాస్టార్లు చెప్పి రాయిత్తారండి. ఇంగ్లీషు ఒక్కటే బోర్డు మీద.”

అప్పుడర్థమైంది అందరికీ. నాలుగు పరీక్షలు పెట్టి, దిద్ది, కూడి, జాబితా కట్టి ఆ పిల్ల ఇంగ్లీషు ఎంతో తేల్చారు కదా, తేల్చింది ఇంగ్లీషు కాదు, చూపు. ఏసుదాసు తలగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. “కళ్లు ఆనటం లేదని నాకైనా చెప్పలేదేమే పిచ్చితల్లీ?” అన్నాడు. “కళ్లజోడు పెడితే సోడాబుడ్డి అంటారని” అంది ఆ పిల్ల, నేల చూస్తూ. టీచరు కలం తీసి జాబితాలో ఆ పేరు కొట్టేసింది. మిగిలిన ఐదు పేర్లు కూడా తను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించేదాకా ఆపమంది. “సిలబస్ ఎప్పుడవుద్దమ్మా?” అని గొణిగారు గానీ, హెడ్మాస్టరు కాదనలేదు.

నాటి నుంచి గళ్ల కాగితాలు నా ఇంకుప్యాడు కింద నుంచి బయటికొచ్చాయి. రోజుకు ఐదుగురు బల్ల దగ్గరికి వస్తారు. చదువుతారు, టీచరు వింటుంది, ఏదో రాసుకుంటుంది. తెమిలే పని కాదు. కొన్ని రోజులు ఇద్దరితోనే గంట కొట్టేస్తారు. పుస్తకాలు గుట్టలుగా మిగిలిపోతాయి, ఆవిడ తల పట్టుకుంటుంది. నేను పక్కనే ఉంటాను. చెయ్యి ఎప్పుడైనా నావైపు వస్తుందేమోనని భయం, రాదేమోనని బెంగ. రెంటిలో ఏది నిజమైన బాధో తేల్చుకోలేను.

ఫిబ్రవరి మొదటి వారంలో దేవమణి నల్లఫ్రేము కళ్లజోడుతో వచ్చింది. రెండు రోజులు సోడాబుడ్డి అన్నారు, మూడో రోజుకు విసుగొచ్చి మానేశారు. ఆ రోజు టీచరు ఆ పిల్ల పుస్తకం అడిగి తీసుకుని, పాత ఉత్తరం కింద, నా ముద్ర పక్కనే, ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి ఇచ్చింది. నేను ఇది చదవకుండా గుడ్ అన్నాను, నన్ను క్షమించు, అని.

దేవమణి తన బెంచీకి వెళ్లి కూర్చుంది. పుస్తకాన్ని బారెడు దూరంలో పెట్టుకుని చదివింది. అర్థం కాని మాట ఒకటి ఉన్నట్టుంది, డిక్షనరీ తీసింది. తరగతి అంతా తన పనిలో తానుంది. చాలాసేపయ్యాక లేచి బల్ల దగ్గరకొచ్చింది.

“మేడంగారూ, ఆ స్టాంపు ఒక్కసారి ఇత్తారాండి?”

టీచరు ఏమీ అర్థం కాక నన్ను అందించింది. ప్యాడు ఎండిపోయి ఉంది. పిల్ల నా మొహం మీద ‘హా’ అని రెండుసార్లు వెచ్చగా ఊదింది. తర్వాత టీచరు రాసిన ఆ రెండు వాక్యాల కింద, వంకర లేకుండా, మెల్లగా నన్ను అద్దింది.

“చదివాకే కొట్టేనండి” అంది.