మొదటి ఫోను

మా మంత్రిగారికి క్రీడల శాఖ ఇచ్చినప్పుడు అందరూ జాలిపడ్డారు, మంత్రివర్గంలో అది కూరలో కరివేపాకు అని. ఆయన మాత్రం అందులోనే ఒక కిటుకు కనిపెట్టారు. మనవాళ్లెవరు గెలిచినా, ప్రధానికంటే ముందు, కన్నవాళ్లకు తొలి ఫోను ఆయనదే వెళ్లాలి. ఎదురుగా కెమెరా ఉండాలి. నంబరు కలిపి చేతికివ్వడం కార్యదర్శిగా నా పని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆట మొదలవకముందే అభినందనలు సిద్ధం చేసుకుని కూర్చునేవాళ్లం.

ఆ సాయంత్రం మన బాక్సరమ్మాయి ఫైనల్లో గెలిచింది. రిఫరీ ఆ పిల్ల చెయ్యి పైకెత్తాడో లేదో, నేను వాళ్లమ్మకు ఫోను కలిపి మంత్రిగారి చేతికిచ్చాను. ఆమె బట్టలు కుట్టే మనిషి. భర్త పోయాక ఆ మిషను మీదే కూతుర్ని పెంచింది. మొదటి గంటకే ఎత్తింది.

"అమ్మా, మీ అమ్మాయి దేశం పరువు నిలబెట్టింది!"

"చల్లగా ఉండండి సార్! దాని ఆట నేను చూడలేను, భయం. దెబ్బలేమైనా తగిలాయా?"

ఆయనకు తెలియదు. తెలియదని చెప్పొచ్చు. కానీ కెమెరా నడుస్తోంది.

"ఒక్క గీత కూడా పడలేదమ్మా. నిక్షేపంలా ఉంది."

ఆ ఫోను పెట్టేసిన కాసేపటికే, దేశం కాని దేశంలో, ఆ పిల్ల బట్టలు మార్చుకునే గదిలో కుప్పకూలింది. తలలో నరం చిట్లిందన్నారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

తల్లి నమ్మలేదు. బాక్సింగ్ సంఘం వాళ్లు ఫోను చేస్తే పెట్టేసింది. చెప్పడానికి వెళ్లిన పాత కోచ్‌ను గుమ్మంలోంచే తరిమింది. ఇరుగుపొరుగు ఏడుస్తూ వస్తే, "మీ నోట్లో మన్ను పడ! మంత్రిగారు స్వయంగా చెప్పారు" అని తలుపేసుకుంది. ఇక ఆయనే వెళ్లాలి. నాకు ఒళ్లు మండిపోతోంది. నోరు విప్పితే ఉద్యోగం ఊడేదే. కెమెరా వద్దని మాత్రం ఆయనే అన్నారు.

ఆయనకు తలుపు తీసింది. మిషను మీద సగం కుట్టిన ఎర్ర చొక్కా ఉంది. ఊరొచ్చే రోజున కూతురికి వేయడానికట. కూర్చోమని కుర్చీ తుడిచింది. ఆయన కూర్చోలేకపోయారు. "అమ్మా, నిన్న నేను తెలియక..." అని ఆగిపోయారు.

"మీకెవరో తప్పు చెప్పి పంపారు సార్," అందామె. "నిన్న ఫోన్లో చెప్పిందే నిజం. కాదంటారా, మళ్లీ ఫోన్లోనే చెప్పండి. అప్పుడు నమ్ముతా."

ఆయన నావైపు చూశారు. అలవాటు ప్రకారం నంబరు కలిపి చేతికిచ్చాను.

చొక్కా పక్కన ఆమె ఫోను మోగింది. ఎత్తలేదు. దానివైపే చూస్తూ నిలబడింది. అది మోగుతున్నంతసేపూ ఆమె కూతురు బతికే ఉంది. ఆ ఫోను అలా మోగుతూనే ఉంటే బాగుండునని నాకూ అనిపించింది. చివరికి తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

మంత్రిగారు గోడవైపు తిరిగి, "అమ్మా..." అన్నారు. ఆ తర్వాత మాట పెగల్లేదు. వేదికల మీద మైకు వదలని మనిషి, భుజాలు కదిలిపోతుంటే అలాగే ఉండిపోయారు.

ఆమె వింటూనే ఉంది.

"నిన్న ఇంతసేపు ఆగలేదు సార్ మీరు," అంది ఫోన్లోకే. అని, ఫోను చెవి నుంచి తీయకుండానే నేల మీద కూలబడి ఘొల్లుమంది.