ఉల్లితొక్కల ఎరుపు

వేలింక తడిపిన ఆకును గుడ్డు మీద అద్ది, రంగులో దాని అచ్చు పడేలా పాత మేజోడు ముక్కలో బిగించి ముడేసింది. పొయ్యి మీద దాకలో ఎర్రరంగు కోసం ఉల్లితొక్కలు తుకతుకా ఉడుకుతున్నాయి. చలికాలమంతా బస్టాండు క్యాంటీనులో అంట్లు తోముతూ, వంటవాడి కాళ్ల దగ్గర ఏరుకున్న తొక్కలవి. సోడా నీళ్లకు ఆమె వేళ్లు పగిలి, గోళ్ల చుట్టూ పాలిపోయాయి. ఈస్టరు పండగ ముందు శుక్రవారం మాత్రం అవి ఎర్రబడతాయి.

ఈసారి తొలి గుడ్డు మొగుడు రాడోయేకి. అతను నిష్ పట్నం ఆసుపత్రిలో చేరి వారమైంది. ఆదివారం తనే వెళ్లి, పండగ ఆటలో అతని గుడ్డుకు తన గుడ్డు ఢీకొట్టి, ఎప్పట్లాగే తనదే పగిలి ఓడిపోయి రావాలని ఆమె ఆశ.

"అత్తయ్యా, ఈ ఏటికి గుడ్లు మానేద్దాం లెండి," అంది కోడలు దున్యా గుమ్మంలోంచే.

"ఏమే, నీ చేతులేమైనా అరిగిపోతున్నాయా? చేసేది నేనేగా."

"అది కాదు. మీకు శ్రమ అని."

అత్త శ్రమ గురించి కోడలు మాట్లాడటం ఈ ఇంట్లో ఇదే మొదలు. వేలింకకు చురుక్కుమంది. కొడుకు మీర్కో కూడా పొద్దుటినుంచి పెరట్లో ఫోను చెవిన పెట్టుకుని తిరుగుతున్నాడు. తల్లి కిటికీ దగ్గరికొస్తే గొంతు తగ్గిస్తున్నాడు.

"నాన్నకెలా ఉందిరా?"

"నిద్రపోతున్నాడంట."

"నిన్నా అదే అన్నావు. నిద్రపోడానికి అంత దూరం పోవాలా మనిషి?"

మీర్కో వంగి, బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ముసలాణ్ణి ఇంటికి తేకుండా అట్నుంచటే ఏ ఆశ్రమానికో తోసేస్తున్నారు, అదీ సంగతి, అనుకుంది వేలింక. మొగుడూ పెళ్లాలిద్దర్నీ మనసులోనే కడిగిపారేస్తూ గుడ్లన్నీ దాకలోకి దించింది.

పక్కింటి పెర్సా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది మాటాపలుకూ లేకుండా వచ్చి, బట్ట కప్పిన గిన్నె బల్ల మీద పెట్టింది. ఇదీ వీళ్లతో కలిసిందా అనుకుంటూ వేలింక బట్ట తీసింది.

ఎర్రగుడ్లు.

గుడ్లకు రంగు వేసుకునే ఇంటికి ఆ వాడలో పండక్కి ముందే ఎవరూ గుడ్లు తేరు. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు ఎర్రరంగు కాచరు. అలాంటి ఇంటికే ఇరుగుపొరుగు తెచ్చి పెడతారు.

పెర్సా అప్పుడు చూసింది పొయ్యి మీది దాకను. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీకు చెప్పేశారనుకున్నా వదినా."

"ఇప్పుడు నువ్వు చెప్పావుగా," అంది వేలింక.

దున్యా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. "రాత్రే పోయారు అత్తయ్యా. పండగ దాటాక మీకు చెబుదామని..."

వేలింక బల్ల అంచు పట్టుకుంది. అనుమానపడ్డవాటిలో ఏ ఒక్కటి నిజమైనా బాగుండునని మనసారా కోరుకుంది. తర్వాత పొయ్యి ఆర్పి, దాకను పెరట్లోకి మోసుకెళ్లి, మీర్కో కాళ్ల ముందే రంగునీళ్లు పారబోసింది. వాడు ఫోను జేబులో పెట్టుకుని తల్లిని పట్టుకున్నాడు.

పెర్సా ఎప్పుడో వెళ్లిపోయింది. బల్ల మీద ఆమె వదిలేసిన గిన్నె, దాని నిండా ఎర్రటి గుడ్లు.